సవాయి కాదని రిపోర్టు వచ్చింది, అయినా తప్పించుకోలేకపోయాను

పది రోజుల కింద నాకు చెప్పుకోరాని చోట పుండ్లు లేచాయి. పాడు తిరుగుళ్లు తిరిగి సవాయి రోగం తెచ్చుకున్నానని మా ముసలామె నాతో మాటలు బంద్ చేసింది. డెబ్బై ఏళ్ల వాణ్ణి, ఎక్కడికీ పోలేదంటే నమ్మదు. దాన్ని వెంటబెట్టుకొని జనగామ దవాఖానకు పోయాను. ఏళ్ల తరబడి పత్తి అమ్మినవాణ్ణి, పిడికిట్లో పట్టి చూసే తేమ ఎంతో చెప్పేవాణ్ణి. ఆ అలవాటుతోనే ల్యాబు అమ్మాయిని అడిగాను.

"చూసి చెప్పరాదా బిడ్డా?"

"చూస్తే రెండు మూడు రోగాలు ఒక్క తీరే కనవడ్తయి తాతా. రక్తం, పుండు రసం పరీక్ష చేస్తెనే తెలుస్తది."

ఈ రోజు రిపోర్టు వచ్చింది. సవాయి, అంటే సిఫిలిస్, కాదు; హెర్పిస్ అట. అది ఒంట్లో ఏళ్లకేళ్లు దాక్కొని ఎప్పుడైనా బయటపడొచ్చని, ఇప్పుడే అంటిందని చెప్పలేమని డాక్టరమ్మ మా ఇద్దరికీ చెప్పింది.

నేను మీసం దువ్వాను. "విన్నవా? ఇప్పటిది కాదట!"

ముసలామె పది రోజులకు నోరు విప్పింది. "ఇప్పటిది కాదు, సరే. మరి ఎప్పటిది?"

పత్తి అమ్మబోయి నేను ఇంటికి రాని రోజులన్నీ బస్సులో ఒక్కొక్కటే తీసింది. ముప్పై ఏళ్ల కిందికి చేరేసరికి నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంట్లో ఇట్లాంటి రిపోర్టు చూపించి బతికినవాళ్లుంటే జర చెప్పండి.