వడ్ల మీద టైర్ల గుర్తులు

కాటారం నుంచి భూపాలపల్లి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అవ్వ పేరు నేను అడగలేదు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. డ్రైవర్ బస్సును పక్కకు తిప్పగానే కళ్లు మూసుకుని ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను.

"గంత బుగులేంది బిడ్డా?" అంది అవ్వ.

ఇంట్లో కూడా చెప్పనిది ఆమెకు చెప్పేశాను. రెండేళ్ల కిందట దేవరుప్పుల దగ్గర, ఎదురుగా వచ్చిన లారీకి బెదిరి నా కారును ఇట్లాంటి వడ్ల మీదికే ఎక్కించాను. కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఒకామె పక్కకు దూకి పడిపోయింది. ఆమె లేవడం అద్దంలో చూశాను. అయినా ఆగలేదు. ఆ తర్వాత మళ్లీ స్టీరింగ్ పట్టుకోలేదు.

అవ్వ కిటికీలోంచి రోడ్డు మీది వడ్లను చూపించింది.

"రోడ్డు మీద పోసుడు తప్పే. ఏం జేత్తం, మాకు వేరే జాగ లేదు. ఒడ్లు తొక్కినోళ్లను పొద్దుమీకేదాక తిడ్తం, మర్సిపోతం. ఆగకుంట పోయినోళ్లే యాదికుంటరు."

కారు బయటికి తీయడానికి నాకు ఇంకో నెల పట్టింది. జనగామ నుంచి నేరుగా దేవరుప్పుల వైపే పోనిచ్చాను. అప్పటికి వడ్లు ఎత్తేశారు. రాళ్లు మాత్రం రోడ్డు పక్కన కుప్పగా పడి ఉన్నాయి.

ఈసారి కారు ఆపి దిగాను. దెబ్బ తాకిందా అని అడగడానికి అక్కడ ఎవరూ లేరు.