పొగసందు

ఎల్లారెడ్డిలో మా గూనపెంకల ఇంటికి మూరెడు మందం మట్టిగోడలు. ఎండాకాలం ఎంత చల్లగా ఉండేదో, చలికాలం అంత ఏడిపించేది. వంటగదిలో గోడకూ కప్పుకూ మధ్య మా పెద్దలు పొగ పోవడానికి ఒక సందు వదిలారు. అందులోంచి గాలి ఇల్లంతా కోసేది. పెళ్లయిన నాలుగో ఏడు, పెద్ద తెలివిగలవాడిలా నిచ్చెన వేసుకుని ఎక్కి, గడ్డి కలిపిన మట్టితో నేనే దాన్ని పూడ్చేశాను.

ఇల్లు వెచ్చబడింది. పొద్దున రాజేసిన పొయ్యి వేడి చాలాసేపు నిలిచేది. మూడు రోజులకు సరిపోయే కట్టెలు ఐదు రోజులు వచ్చేవి. ఇంటికెవరొచ్చినా ఆ గోడ చూపించందే చాయ్ ఇచ్చేవాణ్ణి కాదు. ఆ చాయ్ కాచేది మాత్రం నా భార్య, పొగలో.

"పొగ పోతలేదయ్యా, కండ్లు మండుతున్నయి" అనేది.

"పచ్చి కట్టెలు గావచ్చు. ఎండినయి తెస్త తియ్యి" అనేవాణ్ణి.

తెచ్చేవాణ్ణి కూడా. తుమ్మ కట్టెలు, కందికట్టె, అన్నీ మార్చి చూశాను. సందు మాత్రం తెరవలేదు. నేను చేసిన పని తప్పని ఒప్పుకోవడానికి నాకు నామోషీ. మూడు చలికాలాలు ఆమె దగ్గుతూనే వండింది. నేను ముందుగదిలో వెచ్చగా కూర్చుని తిన్నాను.

దమ్ము జబ్బు ముదిరి కామారెడ్డి తీసుకుపోతే, డాక్టరు ఆమెను కాదు, నన్ను అడిగాడు: "మీ వంటింట్ల పొగ ఎటు పోతది?" ఊరందరికీ చూపించి మురిసిన ఆ గోడే నా కళ్ల ముందు నిలిచింది. బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా నిచ్చెనెక్కి ఆ మట్టంతా గడ్డపారతో పొడిచేశాను. లోపలివైపు పెనం అడుగులా నల్లగా ఉంది. ఆమె ఛాతీ కూడా ఇలాగే అయి ఉంటుందని తోచి, నిచ్చెన మీదే ఏడ్చాను.

అప్పటికే ఆలస్యమైంది. ఆ చలికాలమే ఆమెకు ఆఖరిది. ఒక పొద్దున నేను పొయ్యి ముందు కూర్చుని ఆమెకు జావ కాస్తున్నాను. ఆమె చెద్దరు కప్పుకుని నా పక్కనే గోడకు ఆనుకుంది. పైనుంచి గాలి కొడుతోంది.

"నీకు చలి వెడ్తున్నది. ఆ సందు మల్ల మూసుకోరాదు? ఇంక నేనెక్కడ వంట జేస్త?" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నాకు చలి లేదన్నాను. ఆమె చేయి చాచి నా పాదం పట్టి చూసింది. తన చెద్దరు కొస లాగి దానిమీద కప్పింది.