పసుపు అక్షరాల అక్క

పోయిన ఆదివారం పొద్దున మా పాత గుమాస్తా మామ ఫోన్ చేశాడు. “మన అక్క పోయిందమ్మా. హగరిలో వాళ్లింట్లో, నిద్రలోనే పోయిందంట” అన్నాడు. తర్వాత చాలాసేపు ఆమె గురించే మాట్లాడుకున్నాం. మధ్యలో ఇద్దరం నవ్వాం కూడా. ఆమెను తలుచుకుంటే నవ్వు ఆగదు.

గనులు జోరుగా నడిచిన రోజుల్లో కూరెకుప్ప అనే ఊళ్లో ఒక లారీ ఆఫీసులో నేనూ, మామా, అక్కా ముగ్గురం పనిచేశాం. ఖనిజం మోసే ప్రతి లారీకీ కంప్యూటర్లో చీటీ తీసివ్వాలి. ఉన్నది ఒకటే కంప్యూటర్. మామ వరుసగా రెండుసార్లు లారీ నంబరు తప్పు కొట్టాడు. బండ్లు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయాయి. యజమానికి కోపం వచ్చి, మామ స్థానంలోకి అక్కను పిలిపించాడు. అంతకుముందు ఆమె మిషన్ స్కూల్లో టైపు నేర్పేది.

మొదటి రోజు పని అప్పగిస్తూ మామ తెరకు ముక్కు తగిలేంతగా వంగాడు. అక్క అది గమనించింది.

“మామా, ఈ అంకె ఏంది?”

“ఎనిమిది.”

అది మూడు. అక్క మౌస్ అందుకుంది. కంప్యూటర్లో మామ పేరుతో వేరే ఖాతా తెరిచి అక్షరాలు పెద్దవి చేసింది. మామ తల అడ్డంగా ఊపాడు. ఇంకా పెద్దవి చేసింది. చివరికి తెరంతా నల్లగా మార్చి, అక్షరాలకు పసుపు రంగు పెట్టింది.

“మూడు! మూడమ్మా అది!” మామ తెర మీద వేలు పెట్టి చూపించాడు. “కండ్లు పోయినాయనుకొని ఇంట్లో గూడా చెప్పలేదు నేను.”

“దీనికి మనిషిని మార్చేదెందుకు మామా? సెట్టింగు మారిస్తే సాలు” అంది.

ఆ ఉద్యోగం ఆమెకు ఎంత అవసరమో నాకు తెలుసు. అయినా యజమాని దగ్గరికి వెళ్లి, “అన్నా, మామ బాగానే చేస్తాడు. నన్ను పంపించినా పర్వాలేదు, ఒక్కతూరి చూడు” అంది.

“ఆయ్తు, సరే, చదువప్పా చూద్దాం” అన్నాడు యజమాని మామతో. మామ కుర్చీ వెనక్కి జరుపుకొని మరీ తెర మీది ఒక్కో లారీ నంబరూ గట్టిగా చదివాడు. కిటికీ దగ్గర చీటీల కోసం నిలబడ్డ డ్రైవర్లు తమ నంబరు రాగానే చేతులెత్తారు. ఒక్కటీ తప్పలేదు.

“సరేలే, ఇద్దరూ ఉండండి. లారీలు ఎట్లాగూ పెరుగుతాండాయి” అన్నాడు యజమాని.

తర్వాత అక్క నాకూ ఒక ఖాతా పెట్టింది. తెల్లటి తెర చూస్తే నాకు తలనొప్పి వచ్చేది. లేత బూడిద రంగు వేసి, “నీ కండ్లకు స్వల్ప రెస్టు” అంది. యజమాని ఖాతాలో ఆయన కొన్న మొదటి లారీ బొమ్మ ఉండేది.

ఒకరోజు యజమాని పొరపాటున మామ ఖాతా తెరిచి కూర్చున్నాడు. “ఏంది ఇది, ఇంతింత అక్షరాలు!” అని కసిరాడు. తర్వాత ఒక పేజీ చదివాడు, రెండో పేజీ చదివాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “ఏమ్మా, నాకూ ఇట్లే పెట్టు. ఎవరికీ చెప్పొద్దు” అన్నాడు.

అక్క తల ఊపి, గబగబా వరండాలోకి వెళ్లింది. రోడ్డు మీద లారీలు ఎర్రదుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆ దుమ్ములో స్తంభాన్ని పట్టుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలేలా నవ్వుతూ నిలబడింది మా అక్క.