మామ మోహరి కోసం దింపిన తీగలు

గత నెల నగర్‌నార్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఉక్కు ప్లాంటులో పనిచేసే అల్లుడు, కాలనీ మైదానంలో మా దోర్నపాల్ బ్యాండు వాయిస్తోందని చెప్పి, నేను వద్దంటున్నా వినకుండా తీసుకెళ్లి వెనక వరసలో కూర్చోబెట్టాడు. వేదిక మీద మాట్లాడే అమ్మాయి, ఈ రాక్ బ్యాండును స్థాపించింది ఈయనేనంటూ డ్రమ్స్ ముందున్న నా బావమరిదిని చూపించింది. అతను చేతులు జోడించాడే తప్ప, కాదని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కీబోర్డు వాయించేవాడు ఏదో మీట నొక్కగానే మోహరి మోత వచ్చింది. మోహరి ఊదే మనిషి మాత్రం అక్కడ లేడు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు, నేను కొట్టలేదు. అయినా లేచి రాలేదు. బావమరిది దగ్గర ఒక పాత క్యాసెట్ ఉండాలి, అది అడగాలి.

టేపురికార్డర్లో చిక్కుకున్న రీలును పెన్సిలుతో చుట్టుకున్న కాలం వాళ్లు మీరు, మీకు చెప్పుకుంటే అర్థమవుతుంది. ఆ బ్యాండు పెట్టింది నేను. జగ్దల్‌పూర్ హాస్టల్లో చదివే రోజుల్లో మలయాళీ వార్డెన్ సారు దగ్గర గిటారు నేర్చుకుని, ఆయన బదిలీ మీద పోతూ ఇచ్చిన గిటారును భుజాన వేసుకుని దోర్నపాల్ వచ్చి, కొంటా పోయే లారీల వాళ్లకు మా నాన్న హోటల్లో పూరీలు వడ్డిస్తూనే, వెనక రేకుల షెడ్డులో మా మేనత్త కొడుకు చేత పాడించాను. బావమరిదికి డ్రమ్ము పుల్లలు పట్టుకోవడం నేర్పిందీ నేనే. ఆ చేతులే మొన్న నగర్‌నార్‌లో జనానికి దణ్ణం పెట్టాయి.

సంత రోజుల్లో భేజ్జి వైపు నుంచి చింతపండు, ఇప్పపువ్వు మోసుకొచ్చే ఒక దోర్ల తెగ రైతు మా హోటల్లో టీ తాగేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. ఒకనాడు షెడ్డులో మా గోల విని లోపలికొచ్చి, తువ్వాలులోంచి మోహరి తీసి ఊదాడు. చూడ్డానికి పొట్టి సన్నాయిలా ఉంటుంది గానీ దాని గొంతు చాలా పెద్దది. మా పాటకు అది ప్రాణం పోసింది, కానీ నా గిటారుతో కలవలేదు. మోహరి స్వరం కర్రకు వేసిన రంధ్రాల్లో ఉంటుంది, దాన్ని మార్చలేము, గిటారు తీగలనైతే మరలు తిప్పి దింపుకోవచ్చు. అందుకని మామ ఒకే స్వరం పట్టి ఊదుతూ ఉంటే, నేను ఒక్కో తీగా దింపుకుంటూ ఆయన దగ్గరికి చేరేవాణ్ణి. వదులైన తీగలు మెట్లకు తగిలి గరగరమనేవి. మొదట్లో సిగ్గనిపించింది గానీ ఆ గరగరా, మామ మోహరి కేకా కలిసి పుట్టిన మోత కోసమే, పాట తెలుగైనా హల్బీ అయినా గోండీ అయినా, సుక్మా దాకా పెళ్లిళ్లకూ జాతరలకూ మమ్మల్ని పిలిచారు.

అలా నడుస్తుండగా రాయపూర్ నుంచి పిలుపు వచ్చింది. మేనత్త కొడుకు జగ్దల్‌పూర్ నుంచి కీబోర్డు వాయించేవాణ్ణి తెచ్చాడు. వాడి కీబోర్డు మెట్లలో ఒకటి మామ స్వరానికి కిందా, తర్వాతది పైనా పడేవి. మామ స్వరం ఆ రెండింటి నడుమ ఉండేది. బావమరిది, ఆయన వినేలాగే అన్నాడు.

“ఏంది బావా ఇది. ఈ బూర పట్టుకొని రాయపూర్ పోతే మనల్ని జంగలోళ్లు అనరా?”

మామ కోపగించుకోలేదు.

“నువ్వంటే తీగలు దింపుకున్నవు అల్లుడా. నేను ఈ కట్టెను యాడికని దింపాలె?” అని నాతో అని, మోహరిని తువ్వాలులో చుట్టుకున్నాడు.

మామ రాకపోతే నేనూ రానన్నాను. బతిమాలతారనుకున్నాను. మర్నాడు వాళ్ల జీపు మా హోటలు ముందు నుంచే పోయింది, నా చోట ఎవడో గిటారు పట్టుకుని కూర్చున్నాడు. బావమరిది నన్ను చూశాడు, జీపు ఆపమనలేదు. ఆ చూపు నేను మరిచిపోలేదు. నా భార్య బతికున్నన్నాళ్లూ తమ్ముణ్ణే వెనకేసుకొచ్చింది, అదీ మరిచిపోలేదు.

మామ ఆ తర్వాత కూడా సంతకు వచ్చాడు గానీ మోహరి తేలేదు. తర్వాత అడవిలో తుపాకుల పాడు రోజులొచ్చి, ఆ వైపు దారి మూసుకుపోయి, సంతలు ఆగిపోయాయి. ఆయన పోయిన సంగతి నాకు ఒక వానాకాలం గడిచాక తెలిసింది. మోహరిని కూడా ఆయనతోనే పంపేశారట. కొన్నేళ్లుగా ఆ స్వరం నా చెవిలోంచి జారిపోతోంది. తీగలు దింపడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. షెడ్డులో మేము రికార్డు చేసిన, బావమరిది దగ్గర ఉండిపోయిన క్యాసెట్లో, పాటకు ముందు మామ ఒంటిగా ఊదిన ఆ స్వరం ఉంది. నాకు కావలసింది అదొక్కటే.

కార్యక్రమం అయ్యాక బావమరిది మా అమ్మాయి ఇంటికి టీకి వచ్చాడు. ఇంకా కోపమేనా అని నవ్వుతూ అడిగాడు. అన్నేళ్లుగా అతనితో మాట్లాడని నేను నోరు తెరిచి క్యాసెట్ అడిగాను.

“ఆ క్యాసెట్లా బావా? కొత్త పాటలు వాటి మీదనే నింపినం గద. మోహరి కావాలంటే చెప్పు, కీబోర్డుల ఉన్నది, ఫోన్‌ల పంపిస్త.”

అతను రెండో కప్పు టీ అడిగి తాగి వెళ్లాడు.

ఇప్పుడు భేజ్జి దాకా తారురోడ్డు పడింది, తెల్లారి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరవచ్చు, కానీ అక్కడ నేను వెళ్లి పలకరించవలసిన వాకిలి లేదు. మా కాలంలో నలుగురు కలిసి వాయించాలంటే వంగగలిగినవాడు వంగని వాడి కోసం వంగేవాడు. ఇప్పుడు ఎవరూ ఎవరి కోసమూ వంగనక్కర్లేదు, అందరి గొంతులూ ఒకే డబ్బాలో దొరుకుతున్నాయి. నిన్న గిటారు తీసి, మొదటి తీగ కొంత దింపాను. ఇంకొంచెం దింపాను. సరిపోయిందో లేదో చెప్పేవాళ్లు లేక అక్కడే ఆపేశాను.