మూడో పిలుపు

నవంబరులో స్కూలు హీటింగ్ వేయగానే పాత రేడియేటర్ల మీది దుమ్ము కాలిన వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో నేనిప్పుడు లాటిన్ చెబుతున్న ఈ గదిలోనే, పదమూడేళ్లప్పుడు మా లాటిన్ టీచర్ మిసెస్ ఎల్వుడ్ ముందు నోరు మెదపలేక కూర్చునేదాన్ని.

కాకినాడ నుంచి కొత్తగా వచ్చాం. నా ఇంగ్లిషు యాసకి పిల్లలు నవ్వారని నోటికి తాళం వేసేశాను. ఈ టర్మ్‌లోనూ మాట్లాడకపోతే వేరే సెక్షన్‌లో వేస్తామని స్కూలువాళ్లు నాన్నకి చెప్పేశారు. మిసెస్ ఎల్వుడ్ క్లాసులోనేమో లాటిన్ చదివితే చాలదు, మాట్లాడాలి. కిటికీ మూయమనాలన్నా, టాయిలెట్‌కి వెళ్లాలన్నా లాటిన్‌లోనే అడగాలి. పేరు పిలిస్తే "అడ్సుమ్" అనాలి, ఉన్నానని. నేను అదీ అనేదాన్ని కాదు.

ఒకరోజు అందరూ వెళ్లాక ఆవిడ నన్ను ఆపారు. "నేను పిలిస్తే వినబడటం లేదా?"

నవ్వేవాళ్లెవరూ లేరు కాబట్టి నోరు విప్పాను. "వినబడుతోంది మిస్. ఒక్క పిలుపుకి పలకొద్దని మా నాయనమ్మ చెప్పింది. దెయ్యాలు ఒక్కసారే పిలుస్తాయట. మనుషులైతే మూడుసార్లూ పిలుస్తారట."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "మీ ఇంట్లో నిన్నెలా పిలుస్తారు?"

"పేరు వసంత. పిలిచేటప్పుడు వసంతా అంటారు."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "లాటిన్‌లోనూ పిలిస్తే పేర్లు మారతాయి! ఇంగ్లిషుకి ఆ మర్యాద తెలీదు. చూడు, ఈ భాష ఇక్కడ ఎవరికీ అమ్మ నేర్పింది కాదు. అందరిదీ యాసే. మాట్లాడినవాళ్లంతా ఎప్పుడో పోయారు. మూడుసార్లు పిలిస్తే వాళ్లూ పలుకుతారేమో."

మర్నాడు ఉదయం హాజరు వేళకి బయట ఇంకా మసకగా ఉంది. "వసంతా," అని పిలిచారు. మళ్లీ పిలిచారు. మూడోసారి పిలిచేసరికి నా గొంతు పెగిలింది. "అడ్సుమ్."

నా వెనక, ఎవరూ కూర్చోని ఆఖరి బెంచీ నుంచి సన్నగా మరో "అడ్సుమ్" వినిపించింది. పిల్లలెవరూ నవ్వలేదు, తిరిగి చూడలేదు. మిసెస్ ఎల్వుడ్ మాత్రం తాపీగా, "మంచిది, ఇద్దరొచ్చారు," అన్నారు.

ఆ టర్మ్ అయ్యేలోగా నేను వసపిట్టనైపోయాను. వేరే సెక్షన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు నా క్లాసులో మూగనోము పట్టిన పిల్లలుంటే వాళ్లని మూడుసార్లు పిలుస్తాను. అలా నేర్పినావిడ పోయిన చలికాలం కన్నుమూశారు. ఆవిణ్ణి తలుచుకోని రోజు లేదు. పిల్లలకి నేను "మిస్"ని, తోటి టీచర్లకి "వాస్"ని. ఈ స్కూల్లో నన్ను వసంతా అని దీర్ఘం తీసి పిలిచే మనిషి ఇక లేరు.

నిన్న సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక బోర్డు తుడుస్తున్నాను. అప్పటికే చీకటి పడింది. రేడియేటర్ బుస కొడుతోంది.

"వసంతా."

ఆఖరి బెంచీ దగ్గర్నుంచే. నాయనమ్మ మాట గుర్తొచ్చి బిగుసుకుపోయాను. అబద్ధమెందుకు, చాలా భయం వేసింది. తిరిగి చూడలేదు. మళ్లీ వినిపించింది, అదే దీర్ఘంతో. అప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది, ఇంతటితో ఆగిపోతుందేమోనని.

ఆగలేదు. మూడోసారీ పిలిచారు.

"అడ్సుమ్," అన్నాను.