అత్తమ్మ వడకట్టిన కాగ్నా నీళ్లు

మొన్న వికారాబాద్ స్టేషన్లో ఒకాయన నల్లబడ్డ గుడ్డలోంచి చాయ్ వడకడుతుంటే తాండూరు మేనత్త గుర్తొచ్చింది. చాయ్ చూసి ఏడ్చిన మొదటి పరిశోధకుణ్ణి నేనే అయ్యుంటాను. పక్కాయన అడిగితే, వేడిగా ఉందన్నాను. ఇంకా గ్లాసు నా చేతికి రానేలేదు.

కృష్ణ సముద్రంలో కలిసే చోట బురద తవ్వడం నా పని. చదువుకున్నవాళ్లు దీన్ని ఐసోటోపుల అధ్యయనం అంటారు. కార్బన్‌లో తేలికదీ, బరువుదీ ఉంటాయి. జొన్న వాటిని ఒక పాళ్లలో పట్టుకుంటుంది, కంది ఇంకో పాళ్లలో. ఆ పాళ్లను బట్టి సముద్రపు ఒడ్డున ఉన్న బురదలో ఏ పైరు ఆకు ఎంత కలిసిందో చెప్పొచ్చు. మా కాగ్నా ఏరు భీమలో, భీమ కృష్ణలో కలుస్తాయి కాబట్టి, తాండూరు కందిచేల మట్టి అక్కడిదాకా పోతుందో లేదో తేల్చాలని నా పట్టుదల. అందుకు నెలకో సీసా కాగ్నా నీళ్లు కావాలి. అత్తమ్మ రోజూ మేకల్ని ఏటికి తోలేది. ఆమెకు సీసాలిచ్చి, నింపినవి బావ దుకాణంలోని ఐస్‌క్రీం పెట్టెలో దాచమని చెప్పి, ఏడాదిపాటు అటు తొంగిచూడలేదు. బురద తవ్వేవాళ్లకు తీరిక ఉండదు కదా.

వెళ్లేసరికి అత్తమ్మ మంచం మీద ఉంది. కిడ్నీలన్నాడు బావ. మేకల్ని అమ్మేశాక కూడా, నా సీసా కోసమే ఆటో మాట్లాడుకుని ఏటికి పోయేదట. పన్నెండు సీసాలూ బయటికి తీశాను. మంచు కరిగాక చూస్తే, వానాకాలానివి కూడా అద్దంలా ఉన్నాయి. నాక్కావలసింది నీళ్లలోని మట్టి.

అడిగితే గర్వంగా చెప్పింది. "పాత చీర నాలుగు మడతలేసి వడగట్టిన. గంత బురదనీళ్లు పంపితే మన తాండూర్ ఇజ్జత్ ఏం గావాలె ర?"

"మస్తుగున్నయత్తమ్మ. మా సారు గిసుంటి నీళ్లు ఎన్నడు చూసుండడు" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. నా ఏడాది పని పోయింది. ఆమె మాత్రం నవ్వి, ఇంకొకటి పంపిస్తానంది.

నెల తిరక్కుండానే పోయింది. దినాలయ్యాక బావ పదమూడో సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. చివరి వారం ఆటోలో తీసుకుపొమ్మని పట్టుబట్టి, తనే ముంచిందట.

"వడగట్టనీకె చేతులల్ల తాకత్ లేకుండె. ఏమనుకోవద్దని చెప్పుమన్నది ర" అన్నాడు.

సీసా అడుగున వేలెడు మట్టి ఉంది. అదొక్కటే పనికొచ్చింది.

నా గ్రాఫులో తాండూరుకు ఒకే చుక్క ఉంటుంది. మిగతా నెలలేమయ్యాయని చూసినవాళ్లందరూ అడుగుతారు. నీళ్లు అందలేదని చెబుతాను. ఆ ఖాళీ నెలలన్నీ అత్తమ్మ చేతుల్లో బలం ఉన్న నెలలు.