మేజర్ మార్చుకోమన్నాను

మా కాలేజీలో ఒక్కో లెక్చరరుకు ముప్ఫైమంది విద్యార్థులను అప్పగించి, వాళ్ల మంచిచెడ్డలు చూసుకోమంటారు. దానికి మెంటర్ అని పేరు. నేను తెలుగు చెబుతాను. మా ఇల్లు విజయవాడ గవర్నర్‌పేటలో. రోజూ బస్సెక్కి హనుమాన్ జంక్షన్ దాటి, కొల్లేరు వైపున్న ఒక చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లి వస్తుంటాను. మెంటర్ రిజిస్టరు మొదటిసారి చేతికిచ్చినప్పుడు, దీంతో ఏం చేయాలండీ అని ప్రిన్సిపాల్ గారిని అడిగాను.

"సలహాలివ్వండి మేడం. సంతకాలు పెట్టించండి," అన్నారాయన.

ఏం సలహాలో ఆయన చెప్పలేదు. నేనూ రెట్టించి అడగలేదు.

మొదటి మీటింగు రోజున స్టాఫ్ రూము గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. ముప్ఫై దాటిన మనిషి. ఇస్త్రీ చీర, చేతిలో కొత్త ఫైలు.

"పేరెంట్స్ మీటింగు వచ్చే వారమండీ," అన్నాను.

"నేను పేరెంటుని కాదు మేడం, స్టూడెంటుని."

లోపలికి రమ్మన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. పదో తరగతి కాగానే పెళ్లయిందట. ఓపెన్ స్కూల్లో ఇంటరు కట్టి పాసైంది. కూతురు తొమ్మిది చదువుతోంది. భర్త కొల్లేట్లో చేపలు పడతాడు. ఆమె తెల్లారకముందే ఆ చేపలు తీసుకుని జంక్షన్ మార్కెట్‌కు వస్తుంది. తొమ్మిదింటికల్లా అమ్మకం ముగించి, అక్కడే తెలిసినవాళ్లింట్లో స్నానం చేసి, చీర మార్చుకుని కాలేజీకి వస్తుంది. ఇదంతా చెప్పి, "వాసనేమన్నా వస్తోందా అండీ?" అని అడిగింది. రావడం లేదన్నాను. నిజంగానే రావడం లేదు.

ఆమెను ఏమని పిలవాలో నాకు తోచలేదు. మిగతా పిల్లల్ని నువ్వు అంటాను. ఆమెను మీరు అంటే తోటి విద్యార్థులు నవ్వారు. నువ్వు అనడానికి నాకు నోరు రాలేదు. ఆ మూడేళ్లూ ఒకరోజు మీరు అని, ఒకరోజు నువ్వు అని, ఇంకోరోజు ఏదీ అనకుండానే మాట్లాడి నెట్టుకొచ్చాను.

ఆమె తీసుకున్న మేజర్, అంటే డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు, కంప్యూటర్స్. ఎందుకు తీసుకున్నారని అడిగితే, "నేను తీసుకోలేదండీ. ఆర్ట్స్‌లో ఏదో ఒకటి పెట్టమన్నాను. అప్లికేషను నింపిన నెట్ సెంటరాయన, మీకు మంచిది పెడతానుండమ్మా అని ఇది పెట్టాడు," అంది. రిజిస్టరులో బలాలు, బలహీనతలు అని రెండు గళ్లున్నాయి. ఆమెనే అడిగాను. బలాలేంటో తనకు తెలియవంది. బలహీనత గడిలో నేనే 'కంప్యూటర్' అని రాశాను. అది చూసి ఆమె సంతకం పెట్టింది.

మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. రెండు కంప్యూటర్ పేపర్లూ పోయాయి. తెలుగులో మాత్రం క్లాసులో రెండో స్థానం. ఆ మార్కులు చూసి నాకు కలిగిన సంతోషం ఆమె కోసమో, నా కోసమో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రెండో సెమిస్టరు మొదట్లో కొద్దిరోజులు మేజర్ మార్చుకునే వీలుందని తెలిసి పిలిపించాను.

"తెలుగుకి మారిపోండి. అది మీకు తేలిక."

"తేలికే అండీ. కానీ మంచిదా?"

ఇరవై ఏళ్లుగా ఆ సబ్జెక్టే చెబుతున్నదాన్ని, మంచిది అని ఠక్కున అనలేకపోయాను. అది చదివి ఉద్యోగాల్లేక తిరుగుతున్న నా విద్యార్థులు కళ్లముందు మెదిలారు. అలాగని కంప్యూటర్లు చదివి ఖాళీగా ఉన్నవాళ్లు లేరా అంటే వాళ్లూ ఉన్నారు. ఏది ఏ దారికి తీసుకెళ్తుందో నాకు మాత్రం ఏం తెలుసు? క్రెడిట్లు, మైనర్లు అంటూ వచ్చే ఉత్తర్వులు రెండేసిసార్లు చదివినా నా బుర్రకెక్కేవి కావు.

"మీరైతే ఏం చేసేవారండీ?" అని అడిగింది.

"మార్చుకునేదాన్ని," అన్నాను. ఏదో ఒకటి చెప్పాలి కదా అన్నట్టు చెప్పాను.

లెటరు నేనే రాశాను. 'కుటుంబ బాధ్యతల దృష్ట్యా' అంటూ మంచి భాషలో ఒక పేజీ రాసి, సంతకం పెట్టించి, వెంటనే ఆఫీసులో ఇమ్మన్నాను. రెండు రోజుల తర్వాత వరండాలో ఎదురైంది.

"గడువు అయిపోయిందన్నారు మేడం," అంది నేల చూస్తూ.

ఆలస్యంగా పిలిచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. చేసిన పొరపాటు దిద్దుకోవాలని కంప్యూటర్ లెక్చరరు గారిని బతిమాలి, ఖాళీ పీరియడ్లలో ఆమెకు ల్యాబు తెరిపించాను. తోడుగా నేనూ వెళ్లి కూర్చునేదాన్ని. నాకు టైపు చేయడం తప్ప ఇంకేమీ రాదు. "కీబోర్డు మీద అక్షరాలు వరసలో ఎందుకుండవండీ?" అని ఆమె అడిగేది. నాకు తెలియదనేదాన్ని. ఆమె ప్రోగ్రాములు ముందు నోటుబుక్కులో రాసుకుని, తర్వాత ఒక్కో అక్షరం వెతికి కొట్టేది. ఎక్కడో ఒక సెమీకోలన్ తప్పిపోయేది. ఇద్దరం స్క్రీను దగ్గరకు తలలు వంచి దానికోసం వెతికేవాళ్లం. చాలాసార్లు ఆమెకే ముందు కనపడేది. మార్కెట్లో కదులుతున్న జెల్ల చేపల్లోంచి చచ్చినదాన్ని ఏరినట్టేనండీ ఇదీ, అనేది.

ఏడాది తిరిగేసరికి పోయిన పేపర్లు రెండూ పాసైంది. నా కోచింగు ఫలించిందని ప్రిన్సిపాల్ గారు మీటింగులో మెచ్చుకున్నారు. నేను కూర్చోవడం తప్ప చేసిందేమీ లేదు. అయినా కాదనలేదు.

మరుసటి ఏడు ఇంకో అమ్మాయికి మేజర్ మార్పించే పని పడింది. ఈసారి ఆలస్యం కాకూడదని నేనే లెటరు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను.

"పోయినేడు ఒకావిడకి గడువు దాటిపోయిందని వెనక్కి పంపారు కదండీ. అందుకే ముందే తెచ్చాను," అన్నాను.

సూపరింటెండెంట్ గారు కళ్లజోడు పైకి జరిపి చూశారు. "పోయినేడు మీ దగ్గర్నుంచి ఎవరూ రాలేదండీ. గడువు కూడా ఇంకో వారం పెంచాం."

ఆయనే పొరబడ్డారేమో అనుకున్నాను. ఆయన ఫైలు తీసి చూపించారు. నేను రాసిన లెటరు అందులో లేదు.

ఆ మధ్యాహ్నం ఆమెను పిలిచాను. కోప్పడాలో, నవ్వాలో తేల్చుకోలేక సూటిగా అడిగేశాను. "లెటరు ఇవ్వలేదా?"

పమిట కొంగు వేలికి చుట్టుకుంది.

"ఆఫీసు దాకా వెళ్లానండీ. లైనుంది. బస్సుకి టైమైపోతోందని రేపిద్దాంలే అనుకున్నా. మర్నాడు ల్యాబులో మొదటిసారి నా ప్రోగ్రాం ఆడింది. ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా వచ్చాయి. ఇంక ఇవ్వబుద్ధి కాలేదు."

"ఆ మాటే నాతో చెప్పొచ్చుగా."

"మీరు అంత బాగా రాసిచ్చారు మేడం. వద్దని ఎలా చెప్పేది?"

"మరి ఆరోజు తెలుగుకే మారదామని నిజంగా అనుకున్నావా?" మీరు అనడం మర్చిపోయాను.

"ఏమోనండీ. ఆ లైను లేకపోతే ఇచ్చేసేదాన్నేమో."

ఆ సాయంత్రం బస్సులో విజయవాడ చేరేదాకా అదే ఆలోచన. నా సలహా విననందుకే ఆమె బాగుపడిందా? నా సలహా తప్పని ఎలా అనాలి? తెలుగుకు వచ్చి ఉంటే ఇంతకన్నా బాగుండేదేమో, ఎవరు చూశారు? ఇన్నేళ్లలో నా మాట విని సబ్జెక్టులు మార్చుకున్న పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లెవరికీ ఆరోజు ఆఫీసు ముందు లైను లేదు. కొందరికి మేలే జరిగింది. కొందరు మధ్యలో మానేశారు. నావల్ల ఏది జరిగిందో, నాతో సంబంధం లేకుండా ఏది జరిగిందో విడదీద్దామని చూశాను. చేతకాలేదు. మా స్టాపు దాటిపోయి, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

చివరి ఏడాది ఆమెకు ఇంటర్న్‌షిప్ వచ్చింది. రెండు చోట్లు చూపించారు. ఒకటి విజయవాడలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసు. రెండోది మా కాలేజీకి దగ్గర్లోనే రొయ్యల చెరువుల నీటి పరీక్షలు చేసే ల్యాబు. అక్కడ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆమె వచ్చి ఏది తీసుకోమంటారని అడిగింది. ఇన్నాళ్ల తర్వాత ఇంకా నన్నెందుకు అడుగుతోందో అర్థం కాలేదు. అయినా అలవాటు కొద్దీ, చెరువులూ చేపలూ తెలిసిన మనిషి కదా అని, "ల్యాబు," అన్నాను.

మూడు రోజుల తర్వాత స్టాఫ్ రూముకు వచ్చింది. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు చెప్పింది కాదండీ. విజయవాడదే తీసుకున్నాను. చేపల పక్కన కాకుండా ఇంకెక్కడైనా నేనెలా ఉంటానో చూద్దామని."

బాధ కలగలేదు. ఎందుకు కలగలేదో తెలియలేదు. బస్సు ఎక్కడ దిగాలి, ఆటో ఎంత దూరం అని అడిగింది. అవి మాత్రం నాకు బాగా తెలుసు. కాగితం తీసుకుని బస్టాండు నుంచి ఆ ఆఫీసు దాకా దారి గీసి ఇచ్చాను.